మైనస్ ఒకటి

నయాపూల్ దాటి లోపలికి వెళ్లే ఒక గల్లీలో ఉన్న ప్రెస్సుకు నేను పదిహేడేళ్లుగా వెళ్తున్నాను. జీతగాణ్ని కాను. వాళ్లు ఏటా వేసే గోడ క్యాలెండరుకు సూర్యోదయాలు, సూర్యాస్తమయాలు, తిథులు, నమాజు వేళలు లెక్కగట్టి ఇస్తాను. ఈ లెక్కలు నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. గౌలిపురలో మా ఇంట్లో పెద్దవాళ్లు పాలు కొలిచి పోసేవారు, వాళ్లు కొలిచినదాన్ని నేను మళ్లీ కొలిచేవాణ్ని. తిట్లు తిన్నా ఆ అలవాటు పోలేదు. తర్వాత పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. చేత్తో చేసే రోజుల్లో ఒక్కో ఏడాది క్యాలెండరుకు మూడు నెలలు పట్టేది. కంప్యూటరు వచ్చాక తొమ్మిది రోజులకు దిగింది. అందులో ఎనిమిది రోజులు సరిచూసుకోవడానికే.

ప్రెస్సులో నల్లటి తెర ముందు భయపడకుండా కూర్చునేవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి విండోస్ బదులు లినక్స్‌తో నడిచే అక్కడి సర్వర్ బాధ్యత కూడా నా మీద పడింది. సర్వర్ అంటే పెద్దదేమీ కాదు. పై గదిలో ఒక మూల, దుమ్ము పడకుండా పాత దుప్పటి ముక్క కప్పిన ఇనుప డబ్బా. దాని పక్కనే ప్లేటు మిషన్. కంప్యూటరులో కూర్చిన పేజీని ఆ మిషన్ అల్యూమినియం రేకు మీదికి ఎక్కిస్తుంది. ఆ రేకును కింద గదిలోని ప్రింటింగ్ మిషన్‌కు బిగిస్తారు. ప్లేటు మిషన్ తయారుచేసినవాళ్లు ఆ వ్యాపారం ఎప్పుడో మానేశారు. విడిభాగాలు దొరకవు, బాగుచేసేవాళ్లు లేరు. సర్వర్‌కూ దానికీ మధ్య మాట నడిపే చిన్న ప్రోగ్రాము నేనే రాశాను.

ఆ పై గదిలో కూర్చునేది కంపోజిటర్. అరవై ఒక్క ఏళ్లు. పద్నాలుగేళ్లకే సీసపు అక్షరాల దగ్గర పనిలో చేరాడు. నన్ను తమ్మీ అంటాడు, నేను అన్నా అంటాను, యజమాని సేట్ మాత్రం ఉస్తాద్ అని పిలుస్తాడు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ తప్పు లేకుండా కూరుస్తాడు. కానీ ఇంగ్లీషు ఆయనకు అక్షరాల వరకే. అర్థం దుకాణాల బోర్డులు దాటి పెద్దగా పోలేదు. పోవాల్సిన అవసరం ఆ వృత్తిలో లేదని ఆయన నమ్మకం.

ఎందుకంటే ఆ ప్రెస్సులో పెద్ద సేట్, అంటే ఇప్పటి సేట్ తండ్రి, కాలం నుంచి ఒక నియమం ఉంది. అచ్చుకు ఇచ్చినవాళ్లు రాసి తెచ్చిన మ్యాటర్‌లో ఎట్లా ఉంటే అట్లాగే కూర్చాలి. ఎప్పుడో ఒక కంపోజిటర్ తన తెలివితో పెళ్లికూతురి ఇంటిపేరు సరిదిద్దితే కట్టలు కట్టలు పత్రికలు వెనక్కి వచ్చాయట. అప్పటి నుంచి చుక్క కూడా మార్చకూడదు. ఒకసారి నేను మా కంపోజిటర్ భుజం మీదుగా చూస్తుంటే ఒక పెళ్లి పత్రికలో తేదీకీ వారానికీ పొంతన కుదరలేదు. తేదీ ప్రకారం శుక్రవారం, మ్యాటర్‌లో గురువారం అని ఉంది. చెప్పాను. ఆయన తల తిప్పకుండానే, "సేట్‌కు చెప్పు తమ్మీ, నాకు చెప్పకు. నాకు చెప్తే నా చెయ్యి ఆగుతది" అన్నాడు. నేను కిందికి దిగి సేట్‌కు చెప్పి వచ్చేసరికి గురువారం అనే కూర్చి ప్రూఫు తీసి ఉంచాడు.

ఇక సర్వర్ సంగతి. కరెంటు రాగానే లినక్స్‌లో మొట్టమొదట ఒక ప్రోగ్రాము లేచి మిగతావాటన్నిటినీ లేపుతుంది. దాన్ని ఇనిట్ అంటారు. లోపల నడిచే ప్రతి పనికీ ఒక నంబరు ఉంటుంది, ఇనిట్‌ది ఎప్పుడూ ఒకటో నంబరు. మా సర్వర్‌లో పాత పద్ధతి ఇనిట్ ఉండేది. అందులో ఒక్కో పనికి ఒక చిన్న ఫైలు, ఆ ఫైలు పేరుకు ముందు ఒక అంకె. చిన్న అంకె ముందు, పెద్ద అంకె వెనక. ఒకటి ముగిశాకే ఇంకొకటి. చూడగానే నాకు నచ్చింది. బడిలో ఎత్తు ప్రకారం నిలబడ్డ పిల్లల వరుసలా ఉంటుంది, ఎవరు ఎక్కడున్నారో వేలు పెట్టి చూపించవచ్చు.

తర్వాత సిస్టమ్‌డి అని కొత్త ఇనిట్ వచ్చింది. అది చాలా పనులను ఒకేసారి లేపుతుంది, కంప్యూటరు తొందరగా సిద్ధమవుతుంది. లోకంలో ఎక్కువ సర్వర్లు దానికే మారాయి. దాన్ని తప్పుపట్టే చదువు నాకు లేదు. కానీ మా ప్లేటు మిషన్‌కు తొందర పనికిరాదు. దాని వెనక పెన్‌డ్రైవ్ లాంటి ఒక తాళపు బిళ్ల ఉంటుంది, అది మేలుకుంటేనే మిషన్ పనిచేస్తుంది. కరెంటు వచ్చాక ఆ బిళ్ల మేలుకోవడానికి ముప్పై ఒకటి నుంచి ముప్పై ఎనిమిది సెకన్లు పడుతుంది. ఇరవై అయిదుసార్లు గడియారం పెట్టి చూసి, రెండు సెకన్లు కలిపి నలభై అని వరుసలో తాళం ఫైలులో పెట్టాను. అంతకు ముందే పలకరిస్తే మిషన్ బిగుసుకుపోతుంది. కాబట్టి ముందు డిస్కు, తర్వాత గడియారం, తర్వాత తాళం, చివరికి ప్లేటు. ఈ వరుస తప్పకూడదు. కొత్త ఇనిట్‌ను ఆ సర్వర్‌లోకి రానివ్వకూడదని నేను అనుకున్నది ఇందుకే.

కంపోజిటర్‌కు ఇంత చెప్పలేదు. ఫాంట్లూ గట్రా ఆయనే ఎక్కించుకుంటాడు కాబట్టి సర్వర్ పాస్‌వర్డు ఆయన దగ్గర ఉండేది. ఏదైనా ఎక్కించేటప్పుడు కంప్యూటరు వై, ఎన్ అని అడిగితే ఎన్ నొక్కి నాకు ఫోన్ చెయ్యమని చెప్పాను. నాలుగేళ్లలో పదకొండుసార్లు ఫోన్ చేశాడు. పదకొండుసార్లూ ఎన్ నొక్కే చేశాడు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఈ గొడవ జరగడానికి ముందు ఏడాది ప్లేటు మిషన్ రెండుసార్లు ఆగింది. ఒకసారి ఎలుక వైరు కొరికింది, ఒకసారి ఫ్యాన్ పోయింది. రెండుసార్లూ ప్లేట్లు బయట వేయించుకోవాల్సి వచ్చింది. రెండోసారి సేట్ నన్ను కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, గొంతు పెంచకుండా చెప్పాడు. "భాయ్, ఇంకొక్కసారి నా ప్లేట్లు బయటికి పోయినయంటే ఈ మిషన్ కబాడీకే. నాకు రోజూ గీ ఫికర్ వద్దు." బయట ప్లేట్లు వేసేవాళ్ల దగ్గర అక్షరాలు కూర్చేవాళ్లు కూడా ఉంటారు. చేతిరాత మ్యాటర్ పంపితే చాలు. అంటే మిషన్ పోతే ఆ పక్కన ఉన్న కుర్చీ కూడా పోతుంది. అరవై ఒక్క ఏళ్ల మనిషికి, ఒక కంటికి ఆపరేషన్ అయిన మనిషికి ఇంకో ప్రెస్సులో కుర్చీ దొరకదు. ఆ మాట సేట్ అనలేదు. కంపోజిటర్ మెట్ల మీద నిలబడి విన్నాడు.

ఫిబ్రవరిలో, పెళ్లిళ్ల కాలంలో, ఒక మంగళవారం ఉదయం పదీ ఇరవైకి కంపోజిటర్ నుంచి ఫోన్ వచ్చింది. రోడ్డు తవ్వేవాళ్లు కేబుల్ తెంపడంతో తెల్లవారుజామున మూడు గంటలు కరెంటు లేదట. ఇన్వర్టరు రెండు గంటల పది నిమిషాలకు మించి నడవదు, నేనే కొలిచాను. సర్వర్ ఆరిపోయి మళ్లీ వెలిగింది. కానీ ప్లేటు మిషన్ లేవలేదు.

నేను వెళ్లేసరికి సేట్ పై గదిలోనే ఉన్నాడు. కార్వాన్ నుంచి వచ్చిన ఒక పెళ్లి పత్రిక మర్నాడు పొద్దున్నే ప్రింటుకు ఎక్కాలి. నాలుగు పేజీలు, ఒక్కో పేజీకి నాలుగు రంగులు, మొత్తం పదహారు ప్లేట్లు. ప్లేటుకు ఆరు నిమిషాలు. సేట్ గోడ మీది క్యాలెండరు వైపు చూపించి, సాయంత్రపు అసర్ నమాజు దాకా చూస్తాను, అప్పటికి మొదటి ప్లేటు రాకపోతే పెన్‌డ్రైవ్ బయటికి పంపిస్తాను అన్నాడు. ఆ రోజు అసర్ నాలుగూ నలభై ఏడు. నేను వేసిన అంకే. దాంతో వాదించడానికి లేదు.

సర్వర్‌ను మళ్లీ ఆర్పి వెలిగించాను. మామూలుగా తెర మీద వరుసలు ఒక్కొక్కటిగా వస్తాయి, మధ్యలో తాళం దగ్గర నలభై సెకన్లు ఆగుతాయి. ఈసారి ఆకుపచ్చ రంగు మాటలతో వరుసలు బిలబిలా పడిపోయాయి, ఎక్కడా ఆగలేదు. అప్పుడే అర్థమైంది. అయినా సరిచూసుకున్నాను. ఒకటో నంబరులో కూర్చున్నది కొత్త ఇనిట్. నా ప్రోగ్రామును అది తాళం కోసం ఆగకుండా మిగతావాటితో పాటే లేపింది, మిషన్ బిగుసుకుంది, అయిదుసార్లు మళ్లీ లేపి చూసి వదిలేసింది.

ఏ రోజు ఏది ఎక్కిందో, ఏది దిగిందో సర్వర్ ఒక ఫైలులో రాసి పెట్టుకుంటుంది. తీసి చూశాను. మూడు రోజుల కింద, శనివారం సాయంత్రం నాలుగూ పన్నెండుకు, సేట్ కొత్తగా కొన్న స్కానర్ కోసం ఒక ప్రోగ్రాము ఎక్కింది. ఆ ప్రోగ్రాముకు కొత్త ఇనిట్ కావాలి. కాబట్టి అది ఎక్కింది, పాతది దిగింది. మళ్లీ వెలిగించేదాకా పాతదే నడుస్తుంది కనుక మూడు రోజులు ఎవరికీ తెలియలేదు. కరెంటు పోయి వచ్చాక బయటపడింది.

సేట్ కిందికి దిగాక కంపోజిటర్‌ను మెల్లగా అడిగాను, శనివారం కంప్యూటరు ఏమైనా అడిగిందా అని. ఆయన టేబులు సొరుగు తీసి ఒక ప్రూఫు ముక్క చూపించాడు. దాని మీద పెన్సిలుతో ఇంగ్లీషులో ఒక వాక్యం, పక్కన టిక్కు.

"వై, ఎన్ అడగలే తమ్మీ. గీ లైను కొట్టుమన్నది. ముందు కాగితం మీద ఎక్కించుకొని, చూసి కొట్టిన."

"తప్పు పోలేదా?"

"ఎందుకు పోతది? నడుమ కామా ఉన్నది, ఆఖర్ల ఆశ్చర్యార్థకం ఉన్నది. అన్నీ పెట్టిన."

ఆ వాక్యానికి తెలుగులో అర్థం "అవును, నేను చెప్పినట్టే చెయ్యి" అని. కంప్యూటరు బతకడానికి అత్యవసరమైనదాన్ని ఎవరైనా తీసేయబోతే, ఊరికే వై నొక్కితే సరిపోదని, మనిషి ఒక్క క్షణం ఆగి ఆలోచించాలని ఆ వాక్యం మొత్తం టైపు చెయ్యమంటుంది. దాని పైన నాలుగు వరుసల హెచ్చరిక కూడా ఉంటుంది. ఆ ఏర్పాటు చేసినవాళ్లు తెలివైనవాళ్లే. కాని ఎదురుగా కనిపించిన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా కూర్చడమే నలభై ఏడేళ్లుగా వృత్తి అయిన మనిషి ఆ తెర ముందు కూర్చుంటాడని వాళ్లు ఊహించి ఉండరు. ఇంకొకరైతే కామా మరిచిపోయేవారు, కంప్యూటరు ఒప్పుకునేది కాదు, నాకు ఫోన్ వచ్చేది.

తప్పు నాది. నేను రెండు అక్షరాలకు నియమం చెప్పాను, కంప్యూటరు మూడో దారిలో వచ్చింది. ఒక ప్రోగ్రామును సర్వర్‌లోకి ఎప్పటికీ రానివ్వకుండా మూడు వరుసల ఫైలు పెట్టవచ్చని నాకు చాలా కాలంగా తెలుసు. పెట్టలేదు. పదకొండుసార్లు ఏమీ కాలేదు కదా అని ఊరుకున్నాను. పదకొండుసార్లు సున్నా వస్తే పన్నెండోసారి కూడా సున్నాయే వస్తుందని ఏ లెక్కలోనూ లేదు. ఈ మాట ఇతరులకు నేను చాలాసార్లు చెప్పాను.

కొత్త ఇనిట్‌ను ఉంచి నా ప్రోగ్రామును దానికి తగ్గట్టు మార్చడం కూడా కుదురుతుంది. పదీ యాభై నుంచి పదకొండున్నర దాకా కాగితం మీద ఆ లెక్క వేశాను. రాయడానికి ఒక గంట. నమ్మకం కుదరడానికి ఇరవై అయిదుసార్లు ఆర్పి వెలిగించాలి. మిషన్ ఒకసారి బిగుసుకుంటే సర్దుకోవడానికి ఇరవై నిమిషాలు. సాయంత్రానికి తేలే పని కాదు. పాతదాన్నే మళ్లీ ఎక్కించాలి. దాని కాపీ మా ఇంట్లో ఒక పాత డిస్కులో ఉంది. వెళ్లి వెతికి తెచ్చేసరికి ఒంటిగంటన్నర. దానికి తోడు కావలసిన మరో ఆరు ముక్కల్లో రెండు దొరక్క ఇంకో గంటన్నర పోయింది. కంపోజిటర్ ఆ సేపంతా కార్వాన్ పత్రిక ప్రూఫును మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చున్నాడు. అన్నం డబ్బా తెరవలేదు.

మూడూ ముప్పై అయిదుకు అంతా సిద్ధం చేసి ఆదేశం ఇచ్చాను. ఇప్పుడు ఒకటో నంబరు కొత్త ఇనిట్‌ది కాబట్టి దాన్ని దింపడం కూడా అత్యవసరమైనదాన్ని తీసేయడమే. కంప్యూటరు అదే హెచ్చరిక చూపించి, అదే వాక్యం టైపు చెయ్యమంది. చేశాను. ఒప్పుకోలేదు, రద్దు చేసింది. కామా పెట్టలేదు. మళ్లీ మొదటి నుంచి ఆదేశం ఇచ్చి మళ్లీ టైపు చేశాను. ఈసారి కామా ఉంది, చివరి గుర్తు లేదు. అంకెలైతే ఎన్నయినా తప్పు లేకుండా కొట్టగలను, అక్షరాలు నాకు ఎప్పుడూ అంతే.

"జరుగు తమ్మీ" అన్నాడు కంపోజిటర్.

కుర్చీ ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, తెర మీది వాక్యాన్ని ఒకసారి చూసి, కీబోర్డు వైపు చూడకుండా కొట్టాడు. నాలుగు సెకన్లు పట్టి ఉంటుంది. కంప్యూటరు మారు మాట్లాడకుండా పని మొదలుపెట్టింది.

ప్లేటు మిషన్ సర్దుకోవడానికి ఇరవై నిమిషాలు వదిలి, సర్వర్‌ను ఆర్పి వెలిగించాను. వరుసలు ఒక్కొక్కటిగా వచ్చాయి. డిస్కు, గడియారం. తాళం దగ్గర ఆగింది. నలభై సెకన్లకు ప్లేటు మిషన్ గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేసింది. నాలుగూ పద్దెనిమిదికి మొదటి ప్లేటు బయటికి వచ్చింది. ఇంకా ఇరవై తొమ్మిది నిమిషాలు చేతిలో ఉన్నాయి.

సేట్ పైకి వచ్చి ప్లేటును వెలుతురుకు పట్టి చూశాడు. బాగానే ఉందన్నాడు. తర్వాత అసలు ఏం జరిగిందని అడిగాడు. కరెంటు వల్ల అని చెప్పేస్తే పోయేది. అది అబద్ధం కూడా కాదు, సగం నిజం. కాని సగం నిజాన్ని నేను లెక్కలో ఎప్పుడూ ఉంచుకోలేదు. నేను పెట్టాల్సిన అడ్డు పెట్టలేదని చెప్పాను. నా మాట పూర్తి కాకముందే కంపోజిటర్, "కొట్టింది నేను సాబ్" అన్నాడు.

సేట్‌కు మొత్తం చెప్పాల్సి వచ్చింది. వాక్యం సంగతి వినేటప్పుడు ఆయనకు నవ్వు ఆగలేదు. "మా అబ్బా చేసిన రూల్ అది. గోరీల పండుకొని గూడ నాతోని లొల్లి పెడుతున్నడు" అన్నాడు. నవ్వాక మళ్లీ మామూలు ముఖంతో నా వైపు తిరిగాడు.

"మంచిది భాయ్. ఈ దినం నిలబడ్డది. మళ్ల శనివారం అది ఇంకో లైను కొట్టుమంటది, ఉస్తాద్ కొడతడు. అప్పుడు? నేను సీజన్ అయినంక బయట వేయించుకుంటనే మంచిది అనిపిస్తున్నది."

కంపోజిటర్ రెండో ప్లేటు తీసి రాక్‌లో పెడుతున్నాడు. పెట్టి, అక్కడే నిలబడ్డాడు.

నమాజుకు పోయి వచ్చేదాకా ఆగమని సేట్‌ను అడిగాను. ఆయన వెళ్లాడు. మేమిద్దరం ఆ మూడు వరుసల ఫైలు పెట్టాం. నేను చెప్పాను, ఆయన టైపు చేశాడు. ఆ పూట నా చేతుల్ని నేను నమ్మదలచుకోలేదు. మొదటి వరుసలో రాకూడనిదాని పేరు. రెండో వరుసలో, అది ఎక్కడి నుంచి వచ్చినా సరే అని. మూడో వరుసలో ఒక అంకె. సర్వర్‌లో ప్రతి ప్రోగ్రాముకూ ఒక ప్రాధాన్యం అంకె ఉంటుంది. మామూలువాటికి అయిదు వందలు. సున్నా కంటే తక్కువ అంకె ఇస్తే ఎవరు అడిగినా, ఎలా అడిగినా అది లోపలికి రాదు. మైనస్ ఒకటి అని చెప్పాను.

ఆయన మైనస్ గుర్తు కొట్టి ఆగాడు. అడ్డుకోవడానికే అయితే సున్నా చాలదా అని అడిగాడు. మంచి ప్రశ్నే. సున్నా పెడితే ఏమవుతుందో రాసినవాళ్లే తేల్చి చెప్పలేదు, వాడొద్దు అని మాత్రం రాసిపెట్టారు అన్నాను. ఆయన తల ఊపి ఒకటి కొట్టాడు.

సేట్ వచ్చేసరికి ఏడో ప్లేటు నడుస్తోంది. ఎనిమిదోది మొదలుపెట్టకుండా ఆపి, శనివారం ఏం చేశాడో అదే మళ్లీ ఈ క్షణం చెయ్యనివ్వమని సేట్‌ను అడిగాను. సేట్ కుర్చీ వెనక నిలబడ్డాడు. కంపోజిటర్ స్కానర్ ప్రోగ్రాము పేరు కొట్టి ఎంటర్ నొక్కాడు. పన్నెండు సెకన్లు కంప్యూటరు వెతుక్కుంది. తర్వాత ఇది కావాలంటే అది కావాలి, అది ఎక్కించడం కుదరదు, ఏమీ మార్చలేదు అని మూడు ముక్కలు రాసి ఆగిపోయింది. కంపోజిటర్ వేళ్లు కీల మీద అట్లాగే ఉన్నాయి, కూర్చాల్సిన వాక్యం వస్తుందేమోనని. రాలేదు.

"ఏమడిగింది?" అన్నాడు సేట్.

"ఏం అడుగతలేదు సాబ్. వద్దు అన్నది, అయిపోయింది."

"మళ్ల కొట్టు."

మళ్లీ కొట్టాడు. అదే జవాబు. మూడోసారి సేట్ వంగి తానే ఒక వేలితో కొట్టాడు. అదే జవాబు.

మరి స్కానర్ ఎట్లా అని సేట్ అడిగాడు. ఇందులో నడవదని ఒప్పుకున్నాను. కింద గదిలో బిల్లులు రాసే కంప్యూటరుకు పెట్టుకోవచ్చు, కాకపోతే స్కాన్ చేసిన ప్రతిదాన్నీ పెన్‌డ్రైవ్‌లో పైకి మోయాలి. పని పెరుగుతుంది. ఆ పెరిగే పని ఎంతో కూడా చెప్పాను, రోజుకు సుమారు ఆరుసార్లు మెట్లు.

సేట్ కాసేపు ప్లేటు మిషన్ వైపు చూశాడు. తర్వాత స్కానర్ మీద చెయ్యి వేసి, "దీన్నే కిందికి తీస్కపోండి. ఎక్కి దిగుడు నేను చూస్కుంట. ఉస్తాద్, ఎనిమిదోది పెట్టు" అని మెట్లు దిగిపోయాడు.

కంపోజిటర్ ఎనిమిదో ప్లేటు పెట్టి ఆరు నిమిషాల గడియారం తిప్పాడు. ఆ ఆరు నిమిషాల్లో స్కానర్‌ను కిందికి చేర్చవచ్చని ఆయన లెక్క. అది చూసినదానికంటే బరువుగా ఉంది. ఆయన వెనకా నేను ముందూ పట్టుకుని, మలుపు దగ్గర ఒకసారి ఆగి, దింపాం. పైకి ఎక్కేటప్పుడు ఆయన ముందు నడిచాడు. గడియారం మోగడానికి ఇంకా ఒక నిమిషం ఉంది. ఆయన అన్నం డబ్బా మూత తీశాడు.